గృహస్థురాలి వైద్యవిద్యాకాంక్ష

పగలు కృష్ణగిరి జిల్లాలోని హోసూరు కర్మాగారమున కొలువు చేసి, రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట జీవశాస్త్ర గ్రంథమును తెఱచి కూర్చుండు నాబోటి గృహిణికి, వైద్యవిద్యా ప్రవేశమునకైన నీట్ పరీక్షలోని 720 మార్కులలో 360 జీవశాస్త్రమునకే దక్కుట గొప్ప ధైర్యము. భౌతికశాస్త్రమే భయము. వయస్సు మాత్రము అడ్డు కాదు; ఈ పరీక్షకుండిన గరిష్ఠ వయఃపరిమితిని జాతీయ వైద్య కమిషను 2022లో తొలగించినది. ఆ యేటి జనవరిలోనే కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాలయు ప్రారంభమైనది. ఆ నెలలోనే, ఒకప్పుడు మన కృష్ణగిరిని తనలో నిముడ్చుకొనియుండిన ధర్మపురి జిల్లాకు చెందిన శివప్రకాశమను విశ్రాంతోపాధ్యాయుడు, 61 యేండ్ల ప్రాయమున అర్హత సంపాదించి, కౌన్సెలింగు దాక పోయి, కుమారుని మాట మన్నించి, ఒక యువవిద్యార్థికి అవకాశము దక్కవలెనని తన స్థానమును వదలుకొనెను. ఆ త్యాగమునకు చేతులెత్తి నమస్కరింతును. కాని ముప్పదియైదేండ్ల తల్లి యెదుట ఇంకను దీర్ఘమైన సేవాకాలమున్నది; ఆమె ఆ దారిని పట్టవలసిన పని లేదని నా నిశ్చయము. మన తెలుగిండ్లకు మఱియొక చిక్కు గలదు: తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్ర, తెలంగాణ కేంద్రములలోనే లభించును గనుక, ఇచ్చట తమిళనాట వ్రాయువారు ఇంగ్లీషునో తమిళమునో ఆశ్రయింపవలసియున్నది.

మీ యింట నిట్టి తల్లి యుండినచో, పరీక్ష ముగియువఱకు వంటింటి పని మీరు తలకెత్తుకొని, ఆమెకు సాయంకాలములను విడిచిపెట్టుడు.