తులం గోలీ

1968, కార్తీక మాసం. మేనమామ ఇంట్లో నులక మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద కార్తూసులన్నీ నిలబెట్టాం. మామది అమ్రాబాద్ గట్టు మీద, మన్ననూరు దాటినంక వచ్చే ఊరు. అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లా. నేను దేవరకొండలో చదువుకుంటూ సెలవులకు వచ్చాను. నాకు పదమూడేళ్లు.

"వానకాలమంతా డబ్బల ఉన్నయి. ఉబ్బినయి పక్కకు తియ్యి అల్లుడా" అన్నాడు మామ.

అప్పట్లో కార్తూసు ఒళ్లు కాగితంతో చేసేవారు. తేమ తగిలితే ఉబ్బి గొట్టంలో ఇరుక్కునేది. తుపాకీని మడిచి, ఒక్కో కార్తూసు గొట్టంలోకి జారుతుందో లేదో చూసి, సులువుగా జారినవే ఉంచాం. పద్నాలుగు మిగిలాయి. కౌజులకు ఆరో నెంబరు ఛర్రా, అడవి పందికి ఎస్‌జీ, అంతకంటే పెద్దవాటికి ఎల్‌జీ. మూడు మాత్రం ఒంటి గుండువి. అర్ధసేరు కంటే కాస్త తక్కువ, ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, అందులో ఒకటి పట్టే గొట్టం గనుక దాన్ని పన్నెండు బోరు అంటారని మామ ఆ రాత్రే చెప్పాడు. ఎస్‌జీ గుండ్లు ఔన్సుకు ఎనిమిది తూగుతాయి, ఎల్‌జీ గుండ్లు ఆరు.

అడవి అంచున మామ జొన్నచేను ఉండేది. వారం రోజులుగా రాత్రిళ్లు కణుజులు దిగి కంకులు తెంపుకుపోతున్నాయి. కణుజంటే దుప్పి లాంటిది కాదు. పెద్ద మోటు కొమ్ములతో నిలబడితే గుర్రమంత ఎత్తు, రెండున్నర క్వింటాళ్లకు పైబడిన ఒళ్లు. మెడ చుట్టూ జూలు, దాని కింద మందమైన తోలు, ఆ కింద భుజం ఎముక. ఇవన్నీ మామకు తెలుసు. తెలిసి కూడా ఒంటి గుండు పక్కన పెట్టి ఎల్‌జీ చేతికి తీసుకున్నాడు.

"చీకట్ల ఒక్క గుండు తప్పొచ్చు. ఎల్‌జీ అయితే ఏదో ఒకటి తగుల్తది."

ఆ 'ఏదో ఒకటి' అన్న మాట నాకు ఈ రోజుకీ వినబడుతూనే ఉంటుంది.

మంచె మీద మామ, నేను, పక్క పెంట (చెంచుల గూడెం) నుంచి వచ్చిన చెంచు తాత. తాత దగ్గర విల్లు, అమ్ములు. నడిజాము దాటాక జొన్నదంట్లు విరుగుతున్న చప్పుడు. టార్చి వెలుగులో రెండు కళ్లు పచ్చగా మెరిశాయి. అరవై గజాలుంటుంది. "దూరం పటేలా" అని తాత గొణిగేలోపే తుపాకీ పేలింది. కణుజు ఎగిరిపడి, వంగి, దంట్లను దున్నుకుంటూ అడవిలోకి పోయింది. మామ "తగిలింది, తగిలింది" అన్నాడు. తాత మాట్లాడలేదు.

తెల్లవారాక నెత్తురు చూశాం. ఎర్రగా, నురగతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. ఇది నల్లగా ఉంది, అందులో నమిలిన ఆకు పిప్పి కలిసి ఉంది. తాత దాన్ని వేలితో తీసి వాసన చూసి మామ వైపు తిరిగాడు.

"ఏదో ఒకటి తగిలింది పటేలా. గదే తప్పయింది. పొట్టల తగిలింది. ఇగ ఇది నీళ్లకు పోతది. జల్ది సావదు."

మూడు రోజులు తిరిగాం. మొదటి రోజు గుట్ట దిగి వాగు దాకా. తాత ఒక్కో చోట మోకాళ్ల మీద కూర్చుని, ఎండుటాకును తిప్పి చూపించేవాడు, ఆవగింజంత మరక. రెండో రోజు జాడ తప్పింది. దొరికిన చోటల్లా అది పడుకుని లేచిన గుర్తులే. పడుకున్న చోట గడ్డి నలిగి, నెత్తురు గడ్డకట్టి, ఈగలు ముసిరి ఉండేవి. మామ ఆ రోజు అన్నం ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం, మద్దిచెట్ల కింద, నీటిమడుగు ఒడ్డున దొరికింది. మూతి నీళ్లలోనే ఉంది. చచ్చి ఎంతోసేపు కాలేదని తాత అన్నాడు. అంటే దాదాపు రెండున్నర రోజులు బతికే ఉంది. ఆ లెక్క నేను వేళ్ల మీద వేసుకుని, ఇంకెవరికీ చెప్పలేదు.

తాత కత్తితో కోసి చూపించాడు. మూడు గుండ్లు తగిలాయి. ఒకటి పొట్టలో. ఒకటి తొడ కండలో. మూడోది సరిగ్గా భుజం మీదే తగిలింది. అది చంపాల్సిన చోటే. కానీ తోలు దాటి ఎముకకు కొట్టుకుని రూపాయి బిళ్లలా చదునై అక్కడే ఆగిపోయింది. గుండ్రటి సీసపు గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. ముప్పై గజాల్లో ఎముకను పగలగొట్టగలిగింది అరవై గజాల్లో తోలు కిందే ఉండిపోయింది.

ఆ చదును గుండును మామ రుమాలులో కట్టుకుని ఊళ్లో అవుసలాయన దగ్గరికి పోయాడు. వెంట నేనూ పోయాను. బంగారం కట్టడి వచ్చినప్పటి నుంచి ఆ కుంపటి సగం చల్లారే ఉండేది; తూకం అడిగినవాళ్లు వచ్చినందుకే ఆయన సంతోషపడ్డాడు. గురిగింజలు, రాగిపళ్లేల చిన్న త్రాసు. తూచి చెప్పాడు: నాలుగున్నర మాషలు. పన్నెండు మాషలైతే తులం.

"మూడు క్వింటాళ్ల జీవాన్ని అర్ధతులం లేని దానితో కొట్టిన్నా?" అని మామ తనను తానే అడిగాడు.

ఆ చలికాలంలోనే హైదరాబాద్ నుంచి మామ స్నేహితుడొకాయన వచ్చాడు. మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర .375 మాగ్నం రైఫిల్ ఉండేది. ఇంగ్లండ్‌లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు 1912లో తెచ్చిన కార్తూసు. గోలీ 300 గ్రెయిన్లు. అరుగు మీద రెండు రకాలు పెట్టి చూపించాడు. ఒకటి కొసదాకా గట్టి లోహపు తొడుగున్నది, సాలిడ్. రెండోదానికి కొసన సీసం బయటికి కనబడుతోంది, మెత్త మొన. మామ వెంటనే సాలిడ్ పట్టుకుని, "ఇదే మంచిది. ఆగదు" అన్నాడు. భుజం దగ్గర ఆగిపోయిన గుండే ఆయన కళ్లలో ఉంది మరి.

"ఆగదు, నిజమే. ఏనుగుకు, అడవిదున్నకు అది. కణుజుకు వేస్తే ఇటు నుంచి అటు సూదిలా పోతది. నీ గుండు ఆగిపోయి చంపలే, ఇది ఆగకుండ చంపదు. మళ్ల మూడు రోజులు తిరుగుతవు" అన్నాడాయన. మెత్త మొన లోపలికి పోయాక పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. బలమంతా జంతువు లోపలే దిగుతుంది. యుద్ధంలో మనుషుల మీద అలాంటి గోలీలు వాడొద్దని 1899లో హేగ్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో తయారైన గోలీల మీద రేగిన గొడవే దానికి కారణం. మనిషి మీద నిషేధించినదే జంతువుకు దయ అవుతుందని విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

తెల్లదొరల పుస్తకాల్లో కణుజును 'ఎల్క్' అని రాశారని కూడా ఆయనే చెప్పాడు. సిలోన్‌లో, దక్షిణాదిలో తెల్లవాళ్లు అట్లాగే పిలిచేవారు. యూరప్‌లో ఎల్క్ అంటే వేరే జంతువు, అదే అమెరికాలో మూస్. అమెరికావాళ్లు ఎల్క్ అనేది ఇంకొక దాన్ని. 2012లో కొడుకు దగ్గరికి డెన్వర్ వెళ్లినప్పుడు ఆ అమెరికా ఎల్క్‌ను కళ్లారా చూశాను. మన కణుజు అన్నలా ఉంది. పక్కింటాయన వేటకు బయలుదేరుతూ గరాజ్‌లో కార్తూసులు పరిచాడు, అచ్చం మామ నులకమంచం మీద పరిచినట్టే. ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల గోలీ ఉండాలని, అది విచ్చుకునే రకమే కావాలని కొలరాడోలో చట్టమే ఉంది. ఆయన వాడేది .30-06, గోలీ 180 గ్రెయిన్లు. జాన్ నోస్లర్ అనే ఆయన 1946లో కెనడాలో ఒక మూస్‌ను కొడితే, బురద పట్టిన తోలుకే గోలీ చిట్లిపోయిందట. ఇంటికి వచ్చి, నడుమ అడ్డుగోడతో కొత్త గోలీ తయారు చేశాడు: ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. ఆ గోలీనే పక్కింటాయన నా అరచేతిలో పెట్టాడు. 180 గ్రెయిన్లంటే సరిగ్గా మన పాత తులం. ఎవరూ చెప్పకుండానే చేతికి తెలిసింది.

మామకు .375 కొనే స్తోమత లేదు. లైసెన్సు కోసం ఏడాది పైగా తిరిగి .315 తెచ్చుకున్నాడు, ఇషాపూర్ రైఫిల్. .303 మిలిటరీ వాళ్లది గనుక మామూలు జనానికి ఇవ్వరు. .315 గోలీ 244 గ్రెయిన్లు, మెత్త మొన. అవుసలి లెక్కలో తులం నాలుగు మాషలు. నూరు గజాలు దాటి కొట్టనని మామ ముందే అనుకున్నాడు. చెరువు కట్ట మీద మోదుగు ఆకు గుచ్చి, కూర్చుని, ఊపిరి బిగబట్టి నేర్చుకున్నాడు. ఒక్కో కార్తూసు లైసెన్సు పుస్తకంలోకి ఎక్కేది గనుక ఒక్కటీ వృథా చేయడానికి లేదు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. తర్వాత ఆ అడవంతా అభయారణ్యమైంది. 1991 సవరణతో సరదా వేటకు తావే లేకుండా పోయింది. అది మంచిదే అంటాను, మడుగులో మూతి పెట్టి పడున్న ఆ కణుజును చూసినవాణ్ని గనుక. ఆ .315 కణుజు మీద పేలింది ఒక్కసారే, 1970లో, ఫారెస్టు వాళ్ల పర్మిట్ ఉండగా.

పొద్దుటి పూట. ఎనభై గజాలు. అడ్డంగా నిలబడ్డ మోటు. మామ చాలాసేపు ఆగాడు. దాని ముందుకాలు ఒకడుగు ముందుకు వేసి, భుజం వెనకాల చోటు తెరుచుకున్నాకే ట్రిగ్గర్ నొక్కాడు. అది పొదల్లోకి దూకింది. మామ కదల్లేదు. తాత ఒక్కడే లేచి, అది నిలబడ్డ చోటికి పోయి, అక్కడి నుంచి పెద్దగా అంకెలు పలుకుతూ అడుగులు వేయడం మొదలుపెట్టాడు. ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో అని నేను చెవులు రిక్కించుకున్నాను.

"ముప్పై రెండు" అని పొదల్లోంచి వినిపించింది. తర్వాత ఇంకేం వినిపించలేదు.

గోలీ అటువైపు తోలు కింద దొరికింది, విచ్చుకున్న పువ్వులా. సాయంత్రం తూయిస్తే తులం ఒక మాష ఉంది. కానీ అది తర్వాత. ముందు తాత చిన్న నిప్పు రాజేసి, ఒక ముక్క కాల్చి, ఆకులో పెట్టి తమ దేవత గరెల మైసమ్మకు చూపించాడు. మామ చెప్పులు విడిచి, రైఫిల్‌ను దూరంగా చెట్టుకు ఆనించి వచ్చి, ఆయన పక్కన నిలబడ్డాడు.