కాటన్ అంటే పత్తి కాదు

మొన్న ఎండాకాలంలో మా చెల్లెలి కొడుకు ఒక కాగితం పట్టుకొని నాగేపల్లికి వచ్చాడు. పేరు మార్చుకోవడానికి గెజెట్‌కు పంపే అర్జీ అది. మరాఠీలో తప్పులు లేకుండా నింపిపెట్టమని నా దగ్గరికి తెచ్చాడు. వాడి పేరు కాటన్.

ఆ పేరు పెట్టింది వాడి తాత, అంటే మా చెల్లెలి మామగారు. ధవళేశ్వరం పక్కనుంచి టేకు కలప పని మీద ఆలపల్లికి వచ్చి, ఇక్కడే నిలిచిపోయిన మనిషి. మనవడు పుట్టినప్పుడు తొట్లెలో వేసేనాడు పళ్లెంలో బియ్యం పోయించి, దానిమీద వేలితో తెలుగులో 'కాటన్' అని రాశాడు. చుట్టాలందరూ నవ్వుకొన్నారు. నేనూ నవ్వాను. ముసలాయన ఏమీ అనుకోలేదు. ఆయనిప్పుడు లేడు.

మరాఠీ బడిలో పిల్లలు వాణ్ణి 'కాపూస్' అని పిలిచేవారు. కాలేజీకి వెళ్లినా ఆ పేరు వదల్లేదు.

"మామా, పత్తి అని పేరు పెట్టుకున్నోడు లోకంల ఇంకెవడన్న ఉన్నడా? అర్థమన్న చెప్పు" అన్నాడు.

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, జవాబు దొరకలేదు. "పది రోజులు ఆగురా, అర్జీ ఇక్కడుంచి పో" అన్నాను.

వెతికితే తెలిసింది. పత్తి అనే అర్థమున్న కాటన్ అరబ్బీ మాట 'కుతున్' నుంచి వచ్చింది. మనిషి పేరైన కాటన్ వేరు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. 'గుడిసెల దగ్గర' అనే మాట ఊరిపేరై, ఆ ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు ఇంటిపేరైంది. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ల పేర్లు ఎన్ని లేవు! దాన్ని సొంత పేరుగా పెట్టుకోవడం ఇంగ్లీషువాళ్లలోనూ అరుదే. 1663లో బోస్టన్‌లో పుట్టిన కాటన్ మేథర్ అనే మతబోధకుడికి తల్లివైపు తాత జాన్ కాటన్ ఇంటిపేరే పేరుగా పెట్టారు. తాత పేరు నిలపడం మనకు కొత్త కాదు కదా.

దొరల పేర్లు పెట్టుకోవడమూ మనకు కొత్త కాదు. రాయలసీమలో థామస్ మన్రో మీది గౌరవంతో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకొన్నారు. మన సిరొంచ తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేట ఉంది. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఉన్న రోజుల్లో ఇక్కడ డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన దొర పేరది.

ఇక అసలు కాటన్ దొర. ఆర్థర్ కాటన్ 1803లో పుట్టి 1899లో పోయాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. కరువు చూసిన డెల్టా అన్నం పెట్టే సీమ అయింది. అక్కడివాళ్లు ఆయన్ను దేవుడిలా తలుచుకొంటారు. వాడి తాత ఆ అన్నం తిని పెరిగినవాడే.

ఆ దొరకు మనతోనూ పని పడింది. బేరారు పత్తిని పడవల్లో ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి చేర్చాలని ఆయన పట్టుబట్టాడు. అమెరికా అంతర్యుద్ధంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైన కాలమది. రాళ్ల అడ్డంకులు దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, మన దేవలమరి దగ్గర పనులు తలపెట్టారు. 1871లో అంతా ఆగిపోయింది. పత్తి కాని కాటన్ మన ఏటివైపు చూసింది పత్తి కోసమే!

ధవళేశ్వరం కింద పండే గింజలో మన ప్రాణహిత నీళ్లున్నాయి. ఇక్కడ ఒడ్డున ఉన్నవాళ్ల కథ వేరు. 2019లో మేడిగడ్డ బరాజ్ మొదలయ్యాక పొలాలు మునుగుతున్నాయని సిరొంచ వైపు రైతులు ఆందోళనలు చేశారు. 2023 అక్టోబరులో ఆ బరాజ్ స్తంభాలే కుంగాయి. ఆనకట్ట కట్టినవాడి పేరు పై ఊరికీ కింది ఊరికీ ఒక్క తీరుగా వినబడదు. ఇదంతా దాచకుండా వాడికి చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను గుడిసెలోణ్ణన్నట్టు" అని నవ్వాడు. తరవాత, "మార్చుకుంటే తప్పా మామా?" అని అడిగాడు.

"తప్పేం లేదు. తెలువక మార్చుకోకు, అంతే. మీ తాత ఊరు విడిచి వచ్చేటప్పుడు పొలం తేలేదు, ఇల్లు తేలేదు. ఈ పేరొక్కటే తెచ్చుకొన్నాడు."

నింపిన అర్జీ వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని తిప్పి, వెనకవైపు చూపించి, "తాత బియ్యంల ఎట్ల రాసిండో అట్ల రాయి" అన్నాడు. వాడికి తెలుగు మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. రాశాను. కింద వాడూ చూసి రాశాడు. పొల్లు మరిచిపోతే 'కాటన' అయింది. నేను దిద్దాను.

సంతకం ఇంకా చెయ్యలేదు. చేస్తాడో, చెయ్యడో వాడి ఇష్టం. బారసాలనాడు నవ్విన నవ్వుకు ఆ ముసలాయనకు నేను ఇంత ఆలస్యంగా జవాబు చెప్పుకొన్నాను.