విమానాలు ఆగిపోయిన ఊరు

అమెరికా వెళ్ళివచ్చినవాడు నయాగరా జలపాతం గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే, వాడు అమెరికా వెళ్ళినట్టు మనవాళ్ళు ఒప్పుకోరు. ఆ లెక్కన నేను వెళ్ళనట్టే. 2023 సెప్టెంబరులో మూడు వారాలపాటు మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి నగరానికి ఉత్తరాన మేసన్ అనే ఊరు వాళ్ళది. అక్కడ మన తెలుగువాళ్ళెంతమంది అంటే, సాయంత్రం షికారుకు బయలుదేరితే దారిలో ఒకరిద్దరైనా "మీదే ఊరండీ?" అని పలకరించకుండా పోనివ్వరు. మా బావ నయాగరా ప్రయాణానికి బసతో సహా అన్నీ మాట్లాడి ఉంచాడు.

"అదలా ఉంచు బావా, ముందు విల్మింగ్టన్ చూపించు" అన్నాను.

ఆయన తెల్లబోయాడు. కారులో గంట పట్టని ఆ ఊరికి ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ వెళ్ళలేదట.

"అక్కడేముంది అన్నయ్యా చూడ్డానికి?" అంది చెల్లెలు.

"మన ఊరుంది" అన్నాను.

చెల్లెలికి వెంటనే అర్థమైంది. బావకు నేను చెప్పవలసి వచ్చింది. పాఠకులకు గూడా చెప్పాలి గనక చెబుతున్నాను. మా నాన్నగారు ఒక మిల్లులో పనిచేసేవారు. మిల్లు పేరూ, ఊరి పేరూ ఇప్పుడెందుకు? నేను ఎనిమిదో తరగతి చదువుతూండగా ఒకనాటి ఉదయం మిల్లు కూత వినబడలేదు. గేటుకు కాగితం అంటించి ఉంది. మొదటి ఏడాది కిరాణాకొట్టు శెట్టిగారు ఖాతా రాసుకుని అందరికీ బియ్యం, పప్పు ఇచ్చారు. రెండో ఏడాది ఆయనే కొట్టు కట్టేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంటికొకరు చొప్పున సూరతని, హైదరాబాదని వెళ్ళారు. నాన్నగారు నన్ను కూర్చోబెట్టి ఒక్కటే మాట చెప్పారు: "చదువుకో. ఇక్కణ్ణించి పో." చదువుకున్నాను, పోయాను. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతూ, తెలివైన కుర్రాడు కనబడితే నేనూ ఆ మాటే చెబుతున్నాను.

విల్మింగ్టన్ సంగతి చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికలో చదివినప్పటినుంచీ అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అక్కడ గూడా కూత ఆగింది. కాని చెట్టంత కుర్రవాళ్ళు ఇద్దరు, పోవలసినవాళ్ళు, పోలేదు.

దారి పొడుగునా మొక్కజొన్న చేలు, సోయా చేలు. కంకులు ఎండి కోతకు సిద్ధంగా ఉన్నాయి. మనిషి కనబడడు. మన పొలాల్లో ఒక ఎకరంలో కనబడే జనం అక్కడ ఒక జిల్లాలో కనబడరు కాబోలు. ఈ చేల మధ్య ఉన్నట్టుండి పెద్ద పెద్ద తెల్లని విమానాలు వరసగా నిలబడి కనిపించాయి. కిటికీలు లేని విమానాలు. సరుకులు మోసేవన్నమాట.

ఈ విమానాశ్రయం మొదట సైన్యానిది. 1970ల తొలిరోజుల్లో సైన్యం దాన్ని మూసివేసి వెళ్ళిపోయింది. ఊరికి అది మొదటి దెబ్బ. 1980లో ఎయిర్‌బోర్న్ ఎక్స్‌ప్రెస్ అనే కొరియరు కంపెనీ దాన్ని కొని తన కేంద్రంగా చేసుకుంది. 2003లో జర్మనీ తపాలా సంస్థకు చెందిన డి.హెచ్.ఎల్. ఆ కంపెనీని కొన్నది. రెండేళ్ళకు కెంటకీ వైపు ఉన్న తన కేంద్రాన్ని గూడా ఇక్కడికే మార్చింది.

అక్కడ జరిగే పని మనకు తెలియనిదేమీ కాదు. మన రైల్వే మెయిల్ సర్వీసులో రాత్రంతా ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసేవారు గదా, అదే పని, విమానాలతో. దేశం నలుమూలలనుంచీ విమానాలు అర్ధరాత్రికి వచ్చి వాలతాయి. పార్సెళ్ళన్నీ దించి, కదిలే పట్టీలమీద పోనిచ్చి, చిరునామాలనుబట్టి విడదీసి, తిరిగి ఎక్కిస్తారు. తెల్లవారకముందే విమానాలన్నీ లేచిపోతాయి. పగలు వ్యవసాయం చేసుకునే ఇళ్ళవాళ్ళు రాత్రి కొన్ని గంటలు ఇక్కడ పనిచేసేవారు. జీతంకంటె ఆరోగ్య బీమా కోసం వచ్చినవాళ్ళే అందులో చాలామంది. అమెరికాలో ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు, జబ్బు చేస్తే ఆదుకునే బీమా గూడా పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటేగాని తక్కిన కథ అర్థం కాదు.

విల్మింగ్టన్ జనాభా 12,000 పైచిలుకు. క్లింటన్ కౌంటీ, అంటే మన లెక్కలో చిన్న తాలూకా, అంతా కలిసి సుమారు 42,000. ఆ విమానాశ్రయంలో పని చేసేవాళ్ళు, చుట్టుపక్కల కౌంటీలనుంచి వచ్చేవాళ్ళతో కలిపి, సుమారు 8,000 మంది.

2008 మే 28న మొదటి పిడుగు పడింది. అమెరికాలో వ్యాపారం నష్టంలో ఉందనీ, ఇకమీద తమ పార్సెళ్ళను పోటీ కంపెనీ అయిన యు.పి.ఎస్. విమానాల్లో పంపే ఏర్పాటు చేసుకుంటామనీ డి.హెచ్.ఎల్. ప్రకటించింది. అలా అయితే విల్మింగ్టన్‌తో పనేముంది? అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం గూడానూ. ఆగస్టులో జాన్ మెకేన్ స్వయంగా వచ్చి ఊరివాళ్ళతో మాట్లాడి వెళ్ళాడు. నవంబరు 10న రెండో పిడుగు. అమెరికాలో ఒక ఊరినుంచి మరో ఊరికి పార్సెళ్ళు చేరవేసే పనే మానుకుంటున్నామనీ, దేశం మొత్తంమీద మరో 9,500 ఉద్యోగాలు తీసేస్తున్నామనీ ప్రకటన. ఆ ఏడాది వారి నష్టం వంద కోట్ల డాలర్లకు పైమాటే. కంపెనీకి అది లెక్కల పుస్తకంలో ఒక పేజీ. ఊరికో?

కోర్టు భవనం దగ్గర కారు ఆపుకుని నడిచాం. ఇటిక కట్టడాలు, వెడల్పాటి వీధులు, మూడొంతులు తెరిచి ఉన్న దుకాణాలు. కాఫీ తాగుదామని ఒకచోట కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర డెబ్భై దాటిన పెద్దావిడ మా చెల్లెలి బొట్టు చూసి మాట కలిపింది. ఆవిడ భర్త ఇరవై ఏళ్ళు రాత్రి డ్యూటీ చేశాడట.

"మొదట్లో ఆ విమానాల చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైంది. అవి ఆగిపోయాక మళ్ళీ నిద్ర పట్టలేదు" అన్నది.

మా చెల్లెలు నా ముఖం చూసింది. మిల్లు కూత ఆగిపోయిన తర్వాత మా అమ్మ తెల్లవారుజామున లేచి, పొయ్యి ముట్టించి, ఎవరికీ క్యారేజీ కట్టనక్కర్లేదని గుర్తొచ్చి అలాగే కూర్చునేది.

ఆ శీతాకాలంలో ఊరు మొదట చేసిన పని అన్నం పెట్టడం. చర్చిలవాళ్ళూ, ధర్మసంస్థలవాళ్ళూ వంటలు వండి వడ్డించారు. నిన్నటిదాకా అక్కడికి ధాన్యం, డబ్బాలు ఇచ్చినవాళ్ళు ఇవాళ వరసలో నిలబడవలసి వచ్చిందని ఆ పెద్దావిడ చెప్పింది. చెప్పి, కాసేపు కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. 2009 జనవరిలో సిక్స్‌టీ మినిట్స్ అనే టెలివిజన్ కార్యక్రమం ఈ ఊరి కథను దేశమంతటికీ చూపించింది. మే నెలలో జే లెనో అనే హాస్యనటుడు వచ్చి ఉద్యోగాలు పోయినవాళ్ళకు టిక్కెట్టు లేకుండా ప్రదర్శన ఇచ్చాడు. నవ్వించి వెళ్ళాడు. మంచిదే. ఆ మాత్రం చేసినవాడు మా మిల్లు ఊరికి రాలేదు.

నిరుద్యోగం పెరుగుతున్న ఆ రోజుల్లో ఊరికి ఇద్దరు యువకులు తిరిగి వచ్చారు. మార్క్ రెంబర్ట్, టేలర్ స్టకర్ట్. ఇద్దరూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. పీస్ కోర్ అని అమెరికావారి సేవాదళం ఒకటుంది, పరదేశాలకు వెళ్ళి పల్లెల్లో పనిచేస్తారు. స్టకర్ట్ అందులో చేరి బొలీవియాలో ఉన్నాడు. 2008లో అక్కడ గొడవలు ముదిరి దళాన్ని వెనక్కి పిలిచారు. రెంబర్ట్ ఈక్వడార్ వెళ్ళవలసినవాడు. ఇద్దరూ కొద్దిరోజులు ఇంట్లో ఉండి మళ్ళీ ఎటైనా పోదామనుకున్నవాళ్ళే. పరదేశపు పల్లెకు చేయదలచిన సేవ మన ఊరికే చేస్తే ఏం అనుకున్నారు. 'ఎనర్జైజ్ క్లింటన్ కౌంటీ' అని ఒక సంఘం పెట్టారు.

ఏం చేశారు? ఊళ్ళో దొరికేది ఊళ్ళోనే కొనండి అని ప్రచారం చేశారు. వినడానికి చిన్న మాట. కాని జీతం తగ్గిన మనిషి ముందు మానుకునేది ఊళ్ళోని మంగలినీ, హోటలునూ, చిన్న దుకాణాన్నీ. విమానాశ్రయంలో పోయిన ఉద్యోగం అలా వీధి వీధికీ పాకుతుంది. మా శెట్టిగారి కొట్టు కథ అదే. ఈ కుర్రవాళ్ళు అక్కడ అడ్డుకట్ట వేయబోయారు. ఊరి కౌన్సిలు చేత పచ్చదనపు పరిశ్రమలకు ప్రత్యేక మండలంగా తీర్మానం చేయించారు. చదువుకున్న పిల్లలు సెలవుల్లో ఊరికి వచ్చి, ఊరి దుకాణాలకు తమ చదువుతో సాయపడేందుకు ఒక పథకం పెట్టారు. ఇక్కడి విల్మింగ్టన్ కాలేజీ, 1870లో క్వేకరు మతస్థులు నెలకొల్పినది, తన స్థలంలో కొన్ని మళ్ళు కట్టి ఉద్యోగాలు పోయిన కుటుంబాలకు కూరగాయలు పండించుకోమని ఇచ్చింది. కాలేజీవాళ్ళ చేతులు మట్టిలో పడ్డాయంటే మా ప్రిన్సిపాలుగారు నమ్మరు సుమండీ!

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. టమాటాలు పండిస్తే 8,000 ఉద్యోగాలు తిరిగి రావు. ఎంతోమంది ఊరు విడిచారు. ఇళ్ళు అమ్ముకున్నారు. దొరికిన ఉద్యోగంలో సగం జీతానికి చేరారు. ఆ ఇద్దరు యువకులు ఊరిని రక్షించారని రాస్తే కథ బాగుంటుంది, నిజం కాదు. వాళ్ళు చేసింది, ఊరు తనను తాను వదులుకోకుండా చూడటం. ఆ తర్వాత గూడా పని మానలేదు. ఒకరు వాణిజ్య మండలి నడిపారు, ఇంకొకరు కౌంటీ ప్రణాళికా సంఘానికి డైరెక్టరయ్యారు.

ఇంకొక పని మాత్రం మన ఊళ్ళవాళ్ళు వినదగ్గది. కంపెనీ పోతే పోయింది, రన్‌వేలు మాకివ్వండి అని పట్టుపట్టారు. 2010లో డి.హెచ్.ఎల్. ఆ విమానాశ్రయాన్ని కౌంటీ వారి పోర్టు అథారిటీకి దానంగా ఇచ్చివేసింది. ఇప్పుడది ప్రజల ఆస్తి. మా మిల్లు స్థలం ఏమయిందో ఇక్కడ రాయను. విమానాలను సరుకు రవాణాకు మార్చి అద్దెకిచ్చే కంపెనీలూ, మరమ్మతుల షెడ్లూ అక్కడ నిలిచాయి. 2015లో అమెజాన్ వారు తమ సొంత విమానాల ప్రయోగం ఇక్కడే మొదలుపెట్టారు. ఊరు ఊపిరి పీల్చుకునేలోపల పెద్ద కేంద్రాన్ని కెంటకీలో కడతామన్నారు. 2019లో మళ్ళీ ఇక్కడికి వచ్చారు. వస్తారు, పోతారు. ఈసారి నేల మాత్రం ఊరిది.

మధ్యాహ్నం జనరల్ డెన్వర్ హోటలు ముందునుంచి నడిచాం. కొలరాడోలో డెన్వర్ మహానగరం ఉన్నదే, దానికి ఆ పేరు ఈ ఊరి మనిషి జేమ్స్ డెన్వర్‌ది. బయటికి వెళ్ళినాయన పేరు మహానగరానికి, సొంత ఊళ్ళో మిగిలింది ఒక హోటలు! కొంచెం అవతల మర్ఫీ థియేటరు. చికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టుకు యజమానిగా ఉండి డబ్బు గడించిన చార్లెస్ మర్ఫీ 1918లో పుట్టిన ఊరికి కట్టించి ఇచ్చిన నాటకశాల. నూరేళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది.

"పోయినవాళ్ళు కట్టిస్తే ఊరికి మంచిదేగా?" అన్నాడు బావ.

"నువ్వేం కట్టించావు?" అంది చెల్లెలు.

నేను నవ్వలేదు. ఆ ప్రశ్న నాకు గూడా తగిలింది.

మా కాలేజీలో ఒక కుర్రాడున్నాడు. మంచి మార్కులు. పై చదువు వద్దు మాస్టారూ, మా ఊళ్ళో నాలుగు గేదెలు కొని పాలకేంద్రం పెడతానన్నాడు. గంటసేపు కూర్చోబెట్టి వాడికి బుద్ధి చెప్పాను. నాన్నగారి మాటలే, నా గొంతుతో. వాడు తలవంచుకుని విని వెళ్ళాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. మన దేశంలో తెల్లవారి ఉంటుంది. వాడికి ఫోను చేశాను.

"మాస్టారూ! అమెరికా నుంచా?" అన్నాడు కంగారుగా. వెనకాల ఎక్కడో గేదె అరుస్తోంది.

"అవును గాని, ఎన్ని కొన్నావురా?" అని అడిగాను.