గుర్రాలు లేని రాజ్యం

పెళ్లి సంబంధం ఒప్పుకోవడానికి కూడా నేనింత ఆలోచించలేదు. ఆదివారం రాత్రి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ కంప్యూటర్ ఆట తెరిచి, ఏ నాగరికత తీసుకోవాలా అని పావుగంటగా చూస్తున్నాను. అవతల డాలస్‌లో పొద్దున్న. మా మేనల్లుడికి విసుగొచ్చింది. “మామయ్యా, ఏదో ఒకటి నొక్కెయ్. ఏ రాజ్యమైతేనేం, ఓడిపోయేది నువ్వేగా!”

వాడికేం తెలుసు? 1999లో ఈ ఆట వచ్చినప్పుడు ఉన్నవి 13 నాగరికతలే. ఇప్పుడు నలభై దాటాయి. అప్పట్లో నెట్ సెంటర్లో ఎవరు ఏది తీసుకుంటారో చూసి మనిషి జాతకం చెప్పేసేవాళ్లం. దగ్గరికి రాకుండా దూరం నుంచే బాణాలేసేవాడు బ్రిటన్లు. లెక్కాపత్రం లేకుండా కాల్బలాన్ని మందలా తోలేవాడు గోత్‌లు. గోత్‌లకి రాతిగోడ కట్టడం రాదు, మావాడికి కట్టే ఓపికా లేదు. మరుసటి ఏడు హూణులొచ్చారు. వాళ్లకి ఇళ్లే కట్టక్కర్లేదు. నాన్న బదిలీల పుణ్యమా అని ఊరూరా అద్దె కొంపలు మారిన నాకు అంతకంటే గొప్ప నాగరికత కనిపించలేదు. చరిత్ర మీద భక్తితో ఎంచుకున్నవాడు మాలో ఒక్కడూ లేడు.

2022లో ద్రావిడులు వచ్చేసరికి నాకు భక్తి పుట్టింది. ఇన్నాళ్లూ ఊరివాళ్ల సంస్థానాలు ఏలాం, ఇక మనదే అనుకున్నాను. తీరా చూస్తే సైనికులు తమిళం మాట్లాడుతున్నారు. కాస్త చివుక్కుమంది. అంతలో ‘వూట్జ్ స్టీల్’ అన్న విద్య కనిపించింది. అది నేర్చుకుంటే మన కత్తి ముందు ఎదుటివాడి కవచం ఉన్నా లేనట్టే. వూట్జ్ అన్న మాటకి మూలం తెలుగు, కన్నడాల ‘ఉక్కు’ అంటారు పండితులు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి ఈ ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మాట ఎవరిదైతేనేం, కత్తిలో మన పాలు కొంత ఉందని సర్దుకున్నాను.

మొదటి ఆటలోనే అసలు సంగతి బయటపడింది. మేనల్లుడు ఫ్రాంకులతో వచ్చాడు. బరువైన గుర్రపు రౌతులు, నైట్లు, నా పొలాల మీద పడ్డారు. నేనూ నైట్లని దింపుదామని నా అశ్వశాల మీద నొక్కాను. లేరు! ఏనుగులున్నాయి, వేగు చూసే తేలికపాటి రౌతులున్నారు, నైట్ల దగ్గర ఎర్ర ఇంటూ మార్కు. ఈ ఆట చేసినవాళ్లకి మనమంటే చిన్నచూపు అనుకున్నాను.

కోపం తగ్గాక ఆలోచిస్తే అబద్ధం కాదు. ఆ రోజుల్లో మేలుజాతి గుర్రం దక్షిణాదికి ఓడెక్కే రావాలి. విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, హోర్ముజ్‌వీ దేశవాళీవీ కలిపి రాజు ఏటా 13 వేల గుర్రాలు కొంటాడని రాశాడు. అంటే ఆ ఎర్ర ఇంటూ మార్కుని రాయలవారు కూడా చూసినట్టే.

మనవాళ్లు ఈ లెక్క ఎప్పుడో వేశారు. ‘రాయవాచకం’ అనే పాత తెలుగు పుస్తకంలో మూడు సింహాసనాలు: ఢిల్లీ ఏలికలు అశ్వపతులు, ఒరిస్సా వాళ్లు గజపతులు, విజయనగరం వాళ్లు నరపతులు. గుర్రం, ఏనుగు, మనిషి. ఎవరి బలం ఏదో పేరులోనే పెట్టేశారు. ఆ ఎంపిక తెర అప్పుడే గీసేశారు, నొక్కడానికి మౌస్ లేదు, అంతే.

అప్పట్నించీ నాగరికతని ఎంచుకునేటప్పుడు అది ఏమిస్తుందో చూడటం మానేశాను. సంబంధం చూసేటప్పుడు సుగుణాలు ఎవరైనా చెబుతారు. ఏ లోటుతో కాపురం చెయ్యగలమో మనమే తేల్చుకోవాలి. ఇళ్లు లేకపోయినా ఫర్వాలేదనుకున్న వయసు వేరు. ఇప్పుడు ఇల్లుంది, ఇంటి లోనుంది. గుర్రాలు లేకపోయినా ఫర్వాలేదు.

ద్రావిడుల మీద నొక్కాను.

“మళ్లీ అదేనా? దాంట్లో గుర్రాలుండవు కదా మామయ్యా!”

“మనవాళ్లు కొనుక్కునేవాళ్లురా.”

“సరే, కొను చూద్దాం.”

మార్కెట్ కట్టాను. రాయలవారి గుర్రాలు గోవా రేవులో దిగేవి. నా మార్కెట్లో తిండి, కలప, రాయి దొరుకుతాయి, అంతే. మూడూ కాస్త కాస్త కొని, గేటు ముందు ఈటెలవాళ్లని బారులు తీర్చాను. నరపతిని కదా.