కైల్ బాత్రూమ్‌లోని పుస్తకం

‘ఫిఫ్టీ ఫిఫ్టీ’ సినిమాలో ఆడమ్‌కి ఇరవై ఏడేళ్లు. సియాటిల్‌లో రేడియోలో పనిచేస్తాడు. పొద్దున్నే పరుగుకి బయల్దేరి, రోడ్డు మీద ఒక్క బండి కూడా లేకపోయినా సిగ్నల్ మారేదాకా ఆగి నిలబడే రకం. సిగరెట్ లేదు, మందు లేదు. ప్రమాదాలకి భయపడి కారు కూడా నడపడు. నడుంనొప్పి అని వెళితే, డాక్టరు అతని ముఖంలోకి సరిగ్గా చూడకుండా, చేతిలోని రికార్డరుకి చెప్పుకుంటున్నట్టు ఒక పొడుగాటి పేరు వల్లిస్తాడు. వెన్నెముక దగ్గర అరుదైన కాన్సర్ గడ్డ. బతికే అవకాశం సగానికి సగమని ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో వెతుక్కుంటే తెలుస్తుంది. సినిమా పేరు అక్కడినుంచే వచ్చింది.

2011లో వచ్చింది. దర్శకుడు జోనథన్ లెవీన్. రాసిన విల్ రైజర్‌కి నిజంగానే ఇరవైల్లో వెన్ను దగ్గర కాన్సర్ వచ్చి తగ్గింది. అప్పట్లో అతనితో కలిసి టీవీలో పనిచేసిన స్నేహితుడు సేత్ రోగన్. ఇదంతా సినిమాగా రాయమని వెంటపడ్డవాళ్లలో అతనూ ఒకడు. చివరికి తెర మీద ఆడమ్ స్నేహితుడు కైల్ వేషం కూడా అతనే వేశాడు. ఆడమ్‌గా చేసిన జోసెఫ్ గోర్డన్ లెవిట్, వేరే నటుడు చివరి నిమిషంలో తప్పుకుంటే వచ్చి చేరినవాడు. కీమోకి ముందు కైల్ ట్రిమ్మర్‌తో ఆడమ్ గుండు గీసుకునే సీనులో తీసింది గోర్డన్ లెవిట్ సొంత జుట్టే. రీటేక్ ఎలాగూ కుదరదు. అందుకే కాబోలు ఇద్దరి ముఖాల్లోనూ ఆ కంగారు అంత నిజంగా ఉంటుంది.

నాకు ఈ సినిమా పిచ్చిగా నచ్చింది. కారణముంది. మన తెరమీద కాన్సర్ అంటే దగ్గినప్పుడు రుమాలు మీద రక్తం, ఆ తర్వాత త్యాగం. ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని నాగేశ్వరరావు తనకి కాన్సరని తెలిసి, ప్రేమించిన అమ్మాయి తనని అసహ్యించుకునేలా చెడ్డవాడిగా నటిస్తాడు. ‘మాతృదేవోభవ’లో మాధవి బిడ్డల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి అప్పగిస్తుంది. అవి చూసి నేనూ ఏడ్చాను, కాదనను. కానీ జబ్బు పడ్డవాడు గంజాయి కలిపిన తీపి తిని ఆస్పత్రి వరండాలో నవ్వుకుంటూ నడవడం నేను అంతకుముందు చూడలేదు. కాన్సర్ వచ్చిన మనిషితో మామూలుగా మాట్లాడాలి, నవ్వించాలి, అదే అసలైన స్నేహమని తీర్మానించుకున్నాను. ఎవరితోనైనా ఈ సినిమా గురించి మాట్లాడితే కైల్ గురించే మాట్లాడేవాణ్ని.

కొన్నేళ్ల తర్వాత మా పిన్ని కొడుక్కి మెడ పక్కన గడ్డ తేలింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంకా పెళ్లి కాలేదు. మొదట టీబీ గడ్డ అన్నారు. మన దగ్గర ఆ అనుమానమే ముందు వస్తుంది. బయాప్సీలో హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. కాన్సర్లలో బాగా నయమయ్యేవాటిలో ఇదొకటని డాక్టరు చెప్పాడుగానీ, ఆ ముక్క మా బాబాయిని పక్కకి పిలిచి చెప్పాడు. ఆడమ్‌కి డాక్టరు ముఖం చూడకుండానైనా నేరుగా చెప్పాడు. మావాడు తలుపు తోసుకుని లోపలికి వెళ్లి కూర్చుంటే తప్ప అతని జబ్బు అతనికి చెప్పలేదు.

నేను కైల్ వేషం కట్టాను. జుట్టు రాలడం మొదలై గుండు చేయించుకున్న రోజు, “తిరుపతి ఖర్చు మిగిలిందిరా” అన్నాను. నవ్వాడు. నా తర్వాత పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్లూ బత్తాయిల సంచి కింద పెట్టి అదే మాట అన్నారు. అందరికీ అదే నవ్వు నవ్వాడు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చినట్టు, ఆ ఇంట్లో మర్యాదలో అదీ ఒక భాగమైపోయింది. వాడు మమ్మల్ని తేలికపరుస్తున్నాడు. నేను మాత్రం వాణ్ని తేలికపరుస్తున్నానని అనుకుంటున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కజిన్ల వాట్సాప్ గ్రూపులో ‘కీమో బులెటిన్’ అని మొదలుపెట్టాను. వాడికి ఇస్తున్న మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. భయపడాల్సిందేం లేదు, మందు రంగే. “ఇవాళ మావాడు హోలీ ఆడాడు” అని రాశాను. పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాడు ఆ గ్రూపులో లేడు. మా మేనకోడలు వాడి దగ్గర కూర్చున్నప్పుడు ఫోను అందించిందట.

వాడు అరవలేదు. మర్నాడు నేను వెళ్లేసరికి ఫైలు నా ఒళ్లో పెట్టాడు. “నా జబ్బు మీద జోకులు నేను వేసుకుంటాలే అన్నా. ఇందులో ఏముందో నువ్వెప్పుడైనా చూశావా?” అన్నాడు.

చూడలేదు. ఎన్నో స్టేజో తెలీదు. వాడికిస్తున్న మందుల కూర్పుని, నాలుగు మందుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి, ఏబీవీడీ అంటారని తెలీదు. రెండు వారాలకోసారి ఎక్కిస్తారన్నది మాత్రం తెలుసు, కారు నడిపేది నేనే కాబట్టి. అందులో బ్లియోమైసిన్ అనే మందు ఊపిరితిత్తులని దెబ్బతీసే అవకాశముందనీ, పొడిదగ్గో ఆయాసమో మొదలైతే వెంటనే డాక్టరుకి చెప్పాలనీ అసలే తెలీదు. నిజానికి వాడు దగ్గితే, “అక్కినేని లెవెల్లో దగ్గావు” అని కూడా ఒకసారి అన్నాను. ఆ దగ్గు మామూలు జలుబే అయింది. అదృష్టమే తప్ప నా గొప్పేం కాదు.

ఇందులో పిన్ని పట్ల నేను చేసింది ఇంకా పెద్ద పొరపాటు. తెనాలి నుంచి వచ్చేసి కొడుకు గదిలోనే చాప వేసుకుంది. మంచం పక్కన కూర్చుని మాటిమాటికీ కళ్లు తుడుచుకునేది. బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం అంటూ ఎవరేది చెబితే అది తెప్పించేది. ఇలాంటివి కీమో జరుగుతుండగా డాక్టరుని అడక్కుండా ఇవ్వకూడదు. ఆ సంగతి ఆవిడకి నెమ్మదిగా చెప్పొచ్చు. నేను మాత్రం, “నువ్విక్కడ ఏడుస్తూ కూర్చుంటే వాడు ధైర్యంగా ఎలా ఉంటాడు పిన్నీ, కొన్నాళ్లు ఊరెళ్లి రెస్ట్ తీసుకో” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. వెళ్లనూ లేదు.

ఒక రాత్రి వాడు ఫోన్ చేసి ఒళ్లు వెచ్చగా ఉందన్నాడు. నూటొకటి. “పారాసెటమాల్ వేసుకుని పడుకో, పొద్దున చూద్దాం” అన్నాను. దాని చివర ఒక జోకు కూడా అతికించాను. ఫోను పిన్ని చేతికి మారింది. “బండి తీసుకుని వస్తావా, ఆటో పిలవనా?” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

కీమో తర్వాత తెల్లకణాలు బాగా పడిపోయే రోజులుంటాయి. ఆస్పత్రి వాళ్ల భాషలో ‘కౌంట్ పడిపోవడం’. అప్పుడు జ్వరం 100.4 దాటితే మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు. ఒంట్లో పోరాడే కణాలే లేవు కాబట్టి చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ముదురుతుంది, వెంటనే నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. మాత్ర జ్వరాన్ని దాచిపెడుతుంది తప్ప లోపల జరిగేదాన్ని ఆపదు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు కౌంట్ చూసి, వచ్చి మంచి పని చేశారని పిన్నితో అన్నాడు, నాతో కాదు. నాలుగు రోజులుంచుకుని పంపారు.

బట్టలు తేవడానికి వాళ్ల గదికి వెళ్లినప్పుడు గోడమీద తెలుగు క్యాలెండర్ చూశాను. కీమో తేదీల చుట్టూ సున్నాలు. ఒక్కో తేదీ నుంచి కౌంట్ పడిపోయే రోజులకి బాణం గుర్తు. కింద, వర్జ్యం, రాహుకాలం గళ్ల పక్కన, పిన్ని గుండ్రటి అక్షరాల్లో: ‘100.4 దాటితే ఆగొద్దు’. ఆస్పత్రి నంబరు. బొప్పాయి ఆకు అని రాసి, డాక్టరు వద్దన్నాడని కొట్టేసి ఉంది. నేను చెప్పేదాకా ఆవిడ ఆగలేదన్నమాట. తనే అడిగి తెలుసుకుంది.

ఆ నెలలో ఫిఫ్టీ ఫిఫ్టీ మళ్లీ చూశాను. ఇదివరకు చూసింది వేరే సినిమాయేమో అనిపించింది. ఆడమ్ జబ్బు చెప్పుకుని బార్లో అమ్మాయిలతో మాట కలుపుతాడు కైల్. మొదటిసారి అక్కడ పడీ పడీ నవ్వాను. దర్శకుడు ఆ పనిని మెచ్చుకోలేదని, తర్వాత కారులో ఆడమ్ గొంతు చించుకుని అతనిమీద అరిచినప్పుడు తేలిపోతుంది. దాన్ని నేనెలా వదిలేశానో మరి. ఆపరేషన్ ముందు రాత్రి తప్పతాగిన కైల్‌ని ఇంట్లో దింపి, ఆడమ్ అతని బాత్రూమ్‌లోకి వెళ్తాడు. కాన్సర్‌ని కలిసి ఎదుర్కోవడం గురించిన పుస్తకం ఒకటి కనబడుతుంది. పేజీల నిండా గీతలు, గుర్తులు. కైల్ ఆ పుస్తకం సంగతి ఎన్నడూ ఎత్తలేదు. సినిమా కూడా ఎత్తదు, కొన్ని క్షణాలు చూపించి ముందుకెళ్లిపోతుంది. అతని జోకుల వెనక ఆ చదువుంది. నా జోకులు చదవకుండా తప్పించుకోవడానికి.

అలాగే తల్లి. ఏంజెలికా హ్యూస్టన్ చేసిన ఆ పాత్రని మొదటిసారి కొడుకుని ఊపిరాడనివ్వని మనిషిగానే చూశాను. కొడుకు కాన్సర్ అని చెప్పగానే లేచి గ్రీన్ టీ పెట్టబోతుంది, మీ ఇంటికి వచ్చేస్తానంటుంది. అల్జీమర్స్‌తో భర్త మాట్లాడలేడు, ఆడమ్ ఆవిడ ఫోన్లు ఎత్తడు. ఆ రెండో సంగతి ఆస్పత్రిలో అతనితో మాట్లాడే థెరపిస్టు అమ్మాయి చెబితేగానీ అతనికి తట్టదు. ఆ చోట సినిమా ఆపి కాసేపు కూర్చున్నాను.

అలాగని నెత్తిన పెట్టుకోవాల్సిన సినిమా అనను. ఆ థెరపిస్టు తన పేషెంటు ఆడమ్‌తోనే ప్రేమలో పడటం ముచ్చటగా తీశారుగానీ, అది ముచ్చట కాదు. జబ్బులో ఉన్న ఆడమ్‌ని మోసం చేసిన ప్రియురాలికి ఒక్క మంచి మాట కూడా రాయలేదు. అంత భయం మోయలేని వయసు ఆమెకీ ఉందిగా. రైజర్ తన జబ్బు గురించి రాశాడు కాబట్టి ఆడమ్ మీద జోకులన్నీ అతనివే, ఆ హక్కు అతనిది. కైల్ నోట పలికించినా సొంతదారు ఆడమే. నేను అప్పు తెచ్చుకున్నది ఆ జోకుల్ని.

గ్రూపులో బులెటిన్ తీసేశాను. తీసేశానని కూడా అక్కడ రాయలేదు, రాస్తే అదొక కొత్త బులెటిన్ అవుతుంది. ఫైలు మొదటి కాగితం నుంచి చదివాను, అర్థంకానివి పిన్నిని అడిగాను. రిపోర్టులు తేదీలవారీగా పెట్టడం నా పనైంది. ఇందులో నవ్వొచ్చేదేమీ లేదు, చాలాసార్లు విసుగు కూడా.

వైద్యం అయి, స్కాన్ బాగుందన్నాక, కొత్త జుట్టు ఉంగరాలు తిరిగి వస్తున్న రోజుల్లో మావాడే ఆ సినిమా పెట్టమన్నాడు. నేను భయపడుతూ పెట్టాను. అంతా చూసి, “నాకిచ్చిన కౌన్సెలర్‌కి అరవై దాటాయన్నా, వెళ్లిన ప్రతిసారీ మీ కులమేంటని అడిగేది” అన్నాడు. కైల్ గురించి ఏమంటాడోనని చూస్తున్నాను. ఏమీ అనలేదు. కాసేపాగి, “సరే, ఏబీవీడీలో నాలుగు మందులూ చెప్పు చూద్దాం” అన్నాడు.

ఏడ్రియామైసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్ దాకా గడగడా చెప్పాను. నాలుగోది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“డకార్బజీన్” అని వంటింట్లోంచి పిన్ని అందించింది. “దానికేగా వాడు ఎక్కువ వాంతులు చేసుకుంది.”