పూర్తధర్మం – కొల్లేటి జలం

ధర్మశాస్త్రం సత్కర్మలను ఇష్టమనీ, పూర్తమనీ విభజించింది. యజ్ఞయాగాదులు ఇష్టం, వాపీకూపతటాకాదుల నిర్మాణం, అన్నదానం పూర్తం. కొల్లేటి పరిసరాలలో చుట్టూ జలమే అయినా పానయోగ్యమైనది దుర్లభం. కలుషితజలం వలన కలిగే రోగం పేదవాని కూలినీ, కూడునూ ఒకేసారి హరిస్తుంది. కనుక ఇక్కడ జలదానమే దారిద్ర్యనివారణకు ప్రథమ సోపానం.

2001లో స్థాపితమైన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమగోదావరి గ్రామాలలో జలశుద్ధి కేంద్రాలను నెలకొల్పింది. స్థాపనవ్యయంలో గ్రామస్థులూ భాగం వహించారు. 12 లీటర్లకు రూపాయిన్నర చెల్లిస్తూ నిర్వహణభారం మోశారు. 2009 జనవరి 7న ఫౌండేషన్‌కు మూలపురుషుడైన రామలింగరాజు, సత్యం సంస్థ లెక్కలలోని అసత్యాన్ని స్వయంగా అంగీకరించారు. ధనప్రవాహం క్షీణించింది. దానద్రవ్యం న్యాయార్జితమై ఉండాలన్న శాస్త్రనియమంలోని ఔచిత్యం అప్పుడు స్పష్టమైంది. దాతపైనే ఆధారపడిన సేవ దాతతోపాటే కుంగుతుంది. గ్రహీతలు నిలబెట్టుకొన్న సేవకు ఆ భయం స్వల్పం.

ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో తల్లిదండ్రుల స్మృత్యర్థం చిన్న ట్రస్టు నెలకొల్పదలచిన సాధకుడు గ్రహించవలసినది ఇదే. నిధి స్వల్పమైనా శుద్ధమై ఉండాలి. శిలాఫలకం చెక్కించే ముందు, పదేళ్ల తరువాత ఆ యంత్రాన్ని ఎవరు బాగుచేయిస్తారని ఊరివారిని అడగాలి. తటాకప్రతిష్ఠలో ఉత్సర్గమనే అంగం ఉంది. నిర్మాత తన స్వామ్యాన్ని విడిచి, జలాన్ని సర్వభూతాలకు అర్పిస్తాడు. ‘నాది’ అన్న మమకారం అక్కడ విడిచినప్పుడే పూర్తం పూర్ణమవుతుంది.