ఆవ పెట్టిన కూర

అమెరికాలో ఏ కూర దొరికినా దొరకకపోయినా కాబేజీకి లోటు లేదు. ఆదివారం మా ఇంట దానికే ఆవ పెడతాం.

సన్నగా తరిగిన సగం కాబేజీని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీరు వార్చాలి. సెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో వేసి, కాస్త చింతపండు పులుసు పోసి మగ్గనిచ్చి దింపాలి. ఆవముద్ద మాత్రం కూర చల్లారాకే కలపాలి.

పొయ్యి మీద ఆవ వెయ్యకూడదని అమ్మ నియమం. కారణం మేము వైద్యకళాశాలలో చదువుకున్నాం: ఆవగింజ నలిగి తడి తగిలితే మైరోసినేజ్ అనే ఎంజైము ఘాటు పుట్టిస్తుంది, వేడికి ఆ ఎంజైము పనిచెయ్యదు. అందుకే చన్నీళ్ళతో నూరి 10 నిమిషాలు ఉంచుతాం. ఇక్కడి పసుపురంగు ఆవాలు నాలుకకు తగులుతాయిగాని ముక్కుకెక్కవు. మన నల్ల ఆవాలే కావాలి.

ఎన్ని ఆవాలని ఫోనులో అడిగితే, "చూసుకుని వేసుకోండి" అంటుంది అమ్మ. ఆ చూపు మాకు అబ్బింది. ఇక్కడ పుట్టిన పిల్లకు ఎలా అబ్బుతుంది? తెలుగు చదవలేదు, రాసిస్తే లాభం లేదు. అందుకని 2 టీస్పూన్లు దాని చేతే కొలిపించి, దాని చేతే నూరిస్తున్నాం. మొదటి ముద్దకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. రెండో ముద్దకు కంచం ముందుకు జరుపుతుంది.